అయిదో బాణం

"అదే సీటా?" అని మాత్రం అడిగాడు నూడుల్స్ కొట్టతను. ఇంకేమీ అడగలేదు. ఎందుకొచ్చారని అడిగి ఉంటే బాగుండేది, ఏదో ఒక సమాధానం చెప్పాల్సి వచ్చి ఎందుకొచ్చానో నాకైనా తెలిసేది. తల ఊపి, పొడవాటి బల్లకి ఆ చివర, కిందటిసారి కూర్చున్న ఎత్తు స్టూలు మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు దాటింది, భోజనాల వాళ్ళు వెళ్ళిపోయారు, సాయంత్రం వాళ్ళు ఇంకా రాలేదు, ఎవరూ ఉండరనే కదా ఈ వేళ ఎంచుకున్నాను, ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఒంట్లో బాగోలేదని చెప్పి సెలవు పెట్టాను, అది మరీ అంత అబద్ధమూ కాదు. లోపలంతా కొత్త రంగు వాసన. పొయ్యి వెనకున్న గోడ ఒక్కదానికే తెల్లగా రంగు వేశారు, మిగతా మూడూ పొగచూరి అలాగే ఉన్నాయి, ఇలాంటి రంగు తేడా మా దగ్గర వస్తే సరుకంతా తిప్పి పంపించేస్తాం అనుకుని, అనుకున్నందుకు నాలుక కరుచుకున్నాను. వచ్చి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే మొదలుపెట్టేశాను. బల్లకి అవతలే వంట, మధ్యలో గోడా లేదు అద్దమూ లేదు, అతను కత్తి కింద పెడితే నాకు వినిపిస్తుంది, నేను నిట్టూరిస్తే అతనికి వినిపిస్తుంది. అయిదు వారాల కిందట ఇక్కడ కూర్చుని నేను వాగినదంతా, ఒక్క ముక్క పోకుండా, ఆ వీపు విన్నది.

"రామెన్ ఒకటి" అన్నాను. "గుడ్డుతోనా?" అన్నాడు. "గుడ్డుతోనే" అన్నాను. ఇద్దరం సరుకులు రాసుకుంటున్న వాళ్ళలా మాట్లాడుకున్నాం. చెయ్యి బల్ల మీద ఆనించబోతే వేలికి ఏదో గరుగ్గా తగిలింది, చూద్దును కదా, బల్ల అంచున చిటికెన వేలి గోరంత ఎర్ర బాణం స్టిక్కరు. నాదే. గబుక్కున అరచెయ్యి దాని మీద పెట్టేశాను. అయిదు వారాలు ఈ బల్ల తుడిచారే, ఎన్నిసార్లు తుడిచి ఉంటారు, గుడ్డ దీని మీదుగా ఎన్నిసార్లు పోయి ఉంటుంది, ఇంకా ఇక్కడే ఉందేమిటి. గోటితో గీరాను. రాలేదు. మంచి జిగురు, మా ఫ్యాక్టరీ వాళ్ళు వేరే దేనికి పిసినారితనం చేసినా దీనికి చెయ్యరు.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పని చేస్తాను. కుట్టి వచ్చిన చొక్కాని లైటు కింద పరిచి, కాలరు, పట్టీ, కాజాలు, గుండీలు, చంక దగ్గర కుట్టు, అన్నీ వేలితో తడుముకుంటూ పోయి, ఎక్కడ తప్పుంటే అక్కడ ఎర్ర బాణం అంటిస్తాను. మొన ఎటుంటే తప్పు అటు. చొక్కా వెనక్కి వెళ్తుంది, కుట్టినావిడ మొన చూసి అక్కడ విప్పి మళ్ళీ కుట్టి బాణం పీకేస్తుంది, ఒక్క మాట ఖర్చు కాదు. నన్ను బాణాలక్క అంటారు, ఎదురుగా కాదు, వెనక. నాకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయాను కూడా, అది ఇవాళ ఒప్పుకోవాలి. కొత్తగా చేరిన ఒకమ్మాయి చొక్కా మీద పందొమ్మిది అంటించాను ఒకసారి, ఆ పిల్ల చొక్కా చేతిలో పట్టుకుని నిలబడి ఏడుస్తుంటే, ఏడిస్తే కుట్టు కుదురుతుందా అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించడం ఎప్పుడు అలవాటైందో, ఎవరిని నవ్వించడానికి ఎవరిని బలి పెట్టానో, లెక్క లేదు. బాణాల షీటు ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది, తాళాల గుత్తి ఉన్నట్టు.

ఆ రోజు కూడా ఉంది. "కొత్త చోటక్కా, పద" అంది చెల్లి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తుంది తను, రోజంతా ఎవరెవరికో చూపు సరిచేస్తుంది, తనకి మాత్రం నేను కనబడ్డంత బాగా ఇంకేదీ కనబడదనుకునేదాన్ని. ఆ రోజు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంది, చెవులకి చిన్న ముత్యాలు పెట్టుకుంది, అవేవీ నేను గమనించలేదు. మూడో గుండీ వదులైందని మాత్రం గమనించి చెప్పాను. ఈ స్టూలు మీద నేను, పక్క దాని మీద తను. రామెన్ వచ్చింది. సూపు చప్పగా, గోరువెచ్చగా. నూడుల్స్ ముద్ద కట్టి, ఒకటి లాగితే మొత్తం లేచి వచ్చేలా. గుడ్డు పచ్చసొన చుట్టూ ఎక్కువ ఉడికి ఆకుపచ్చబడిన వలయం. మెనూ కార్డు మీద బొమ్మలో పుట్టగొడుగు ముక్కలు మూడు, గిన్నెలో ఒకటే. బాగోలేదు, అది నిజం, అందులో నా తప్పేం లేదు. కాని బాగోలేనివి ఎన్ని తినలేదు నేను, నోరు మూసుకుని తిని లేచి పోలేదా. షీటు తీశాను. గిన్నె అంచు మీద ఒకటి అంటించి, "ఉప్పు సెలవులో ఉంది" అన్నాను గట్టిగా. చెల్లి నవ్వింది. చాప్‌స్టిక్స్ మీద రెండోది, "ఇవి నూడుల్సా, ఉమ్మడి కుటుంబమా." నవ్వింది, కొంచెం తక్కువ. గుడ్డు పళ్ళేనికి మూడోది. చెల్లి మంచినీళ్ళు తాగింది. మెనూ కార్డుకి నాలుగోది. "చాలక్కా" అంది. ఆ గొంతులో ఏముందో వినబడనంత దూరం వెళ్ళిపోయి ఉన్నాను అప్పటికి, పక్క స్టూళ్ళ వాళ్ళు ఇద్దరు నవ్వుతున్నారు కదా, ఇంక నన్ను ఆపేదెవరు. అయిదోది బల్ల అంచున అంటించాను, మొన అతని వీపు వైపు పెట్టి. అది మాత్రం నోటితో అనలేదు. కనుబొమ్మ ఎగరేసి, గడ్డంతో అటు చూపించాను. అసలు తప్పు అక్కడుంది అని. చెల్లి బాణాన్ని చూసింది, ఆ వీపుని చూసింది, తర్వాత నా వైపు చూడనే లేదు.

ఇప్పుడు ఆ వీపు వంగి పొయ్యి మంట పెంచుతోంది. నలభై ఉంటాయేమో, మెడ దగ్గర వెంట్రుకలు నెరిశాయి. పదిహేనేళ్ళు లిఫ్టులు బాగుచేశాడట, మోకాలు పాడైతే ఈ పనిలోకి దిగాడట, ఇంతకుముందు ఈ కొట్టు నడిపిన పెద్దాయన పదకొండు రోజులు నేర్పి, రాసుకున్న పుస్తకం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. ఇవన్నీ చెల్లి ఆ రోజు బస్ స్టాపులో చెప్పింది, రెండు నిమిషాల్లో, నా మొహం చూడకుండా, ముందుగా వల్లె వేసుకొచ్చినవి వృథా కాకుండా ఉండాలన్నట్టు. "వంట చేసింది అతనే అక్కా." "ఎవరతను?" అన్నాను, అప్పటికీ నవ్వుతూనే. "నీకు చెప్పాలనుకున్నది అతని గురించే. ముందే చెబితే మొహమాటానికి బాగుందంటావని, తెలియకుండా తినిపిద్దామనుకున్నాను. నువ్వెవరో అతనికి తెలుసు. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి అని నేనే చెప్పాను." బాణాల షీటు ఇంకా నా చేతిలోనే ఉంది, సంచిలోకి తోసేశాను. "వంట గొప్పగా ఉండదని నాకూ తెలుసు. నేనేం నూడుల్స్‌ని పెళ్ళి చేసుకోవడం లేదు" అంది. బస్సు వచ్చింది. అది మేం ఎక్కాల్సింది కాదు. ఎక్కేసి వెళ్ళిపోయింది.

తర్వాత ఫోన్ ఎత్తలేదు. షాపుకి వెళ్తే అద్దాలు అరగదీసే గదిలోంచి బయటికి రాలేదు. నిన్న ఒక మెసేజ్ పంపింది, ఎన్నిసార్లు చదివానో, కళ్ళు మూసుకున్నా అక్షరాలు కనిపిస్తున్నాయి. సోమవారం పదింటికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడుతున్నాం. సాక్షులు ఇద్దరూ దొరికారు. నువ్వు రావాలనేం లేదు. నాలుగు బాణాలకి నాకేం బాధ లేదక్కా. అంతే. నాలుగింటికి బాధ లేదట. అయిదోదాని గురించి ఒక్క మాట లేదు, మాట లేకపోవడమే మాట. అమ్మ పోయినప్పుడు తనకి తొమ్మిది, నాకు పందొమ్మిది. తనకి జడ వేసింది నేను, కాలికి ముల్లు తీసింది నేను, పరీక్షకి పాఠం అప్పజెప్పించుకుంది నేను, సోమవారం తను సంతకం పెట్టే కాగితం మీద రెండో సాక్షి పేరు నాది కాకపోతే ఇంకెవరిది. ఎవరో షాపులో వాళ్ళు. ఎవరో అద్దాలమ్మే వాళ్ళు. అడగడానికి నాకు మొహం చెల్లదు, అందుకని ఇక్కడికి వచ్చాను. దారంతా ఒకటే మొక్కు. ఈసారి బాగుండాలి. ఒక్క గిన్నె బాగుంటే చాలు, ఆ రోజు నా నోరే బాగోలేదు నాయనా, జ్వరపు నోరు, ఇంత మంచి వంటని పట్టుకుని అంతలేసి మాటలన్నాను అని గొప్పగా క్షమాపణ అడిగేస్తాను. అప్పుడు తప్పు నాలికది అవుతుంది. నాది కాకుండా పోతుంది.

అతను ఫ్రిజ్ తలుపు తీసి, గుడ్లు తీసుకుని, మోకాలితో తలుపు మూశాడు. మూసిన తలుపు మీద నాలుగు ఎర్ర బాణాలు. వరసగా, ఒకదాని కింద ఒకటి, ప్రతిదాని పక్కనా చిన్న కాగితం ముక్క, పెన్సిల్ రాత. ఇంత దూరం నుంచి చదవలేకపోయాను, చదవాల్సిన పనీ లేదు. తల కొట్టేసినట్టయింది. పారేశాడనుకున్నాను, తిట్టుకుంటూ గోకి చెత్తబుట్టలో వేశాడనుకున్నాను, అలా చేసి ఉంటే ఎంత సుఖంగా ఉండేది నాకు. పీకి దాచుకున్నాడు. నేను నలుగురినీ నవ్వించడానికి అంటించినవి, బాణం ఎందుకు అంటిస్తారో అందుకే అంటించాననుకున్నాడు, సరిచేసుకోమని. ముప్ఫైయేళ్ళు ఈ పని చేసినదాన్ని, బాణానికున్న మర్యాద ఈ మనిషికి తెలిసినంత నాకు తెలియలేదు. అరచెయ్యి కింద అయిదోది వేడెక్కుతోంది. చెమట పట్టింది.

గిన్నె తెచ్చి ముందు పెట్టాడు, ఎడం చేత్తోనే అందుకున్నాను, కుడి చెయ్యి తియ్యలేక. ఎడం చేత్తో చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాదు, నూడుల్స్ జారి పడి సూపు నా ముక్కు మీద చిందింది, తుడుచుకోలేదు. పొగలు కక్కుతోంది, గోరువెచ్చదనం పోయింది. ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. ఉప్పు. రెండో చెంచా, ఉప్పే. మొదటిసారి చప్పగా ఏడ్చింది, ఇప్పుడు ఉప్పగా ఏడుస్తోంది, ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఒక సూపు ఉండాలి, దాన్ని ఈయన ఇంకా కలుసుకోలేదు. నూడుల్స్ ముద్ద కట్టలేదు, కాని మరీ మెత్తబడిపోయాయి. దేవుడా. బాగోలేదు. మళ్ళీ బాగోలేదు. ఇప్పుడేం చెప్పను, బాగుందని చెప్పనా, చెల్లికి తెలిసిపోతుంది, నేను అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని చిన్నప్పటి నుంచీ తెలుసు దానికి. గుడ్డు కొరికాను.

గుడ్డు బాగుంది. తెల్లసొన గట్టిగా, లోపల పచ్చసొన తేనెలా చిక్కగా, ఆకుపచ్చ వలయం లేదు, ఎక్కడా వంక లేదు. చెల్లి ఎప్పుడూ నన్నంటుంది, నువ్వు కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని. పీకడానికి ఈక లేదు. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సూపు పొగ అనుకుంటాడులే అనుకున్నాను. తొమ్మిదేళ్ళప్పుడు చెల్లి బళ్ళో రుమాలు కుట్టింది, చుట్టూ అంచు మడిచి, మూలన ఒక నీలం పువ్వు. నాకోసం కుట్టానంది. అంచు వంకరగా ఉందని ఆ సాయంత్రమే సూది పెట్టి మొత్తం విప్పి, మళ్ళీ కుట్టి, చూడు ఇలా ఉండాలి అని చేతిలో పెట్టాను. చూసింది. బాగుందక్కా అంది. ఆ తర్వాత దాని చేతిలో సూది నేను చూడలేదు, చొక్కాకి గుండీ ఊడినా నా దగ్గరికే తెచ్చేది, మూడో గుండీ వదులుగానే వేసుకుని తిరిగేది. అది ప్రేమనుకున్నాను ఇన్నాళ్ళూ. నేనే దాని చేతులు కట్టేశానని, ముప్ఫైయేళ్ళు గడిచాక, ఇంకొకరి గుడ్డు నోట్లో పెట్టుకుని తెలుసుకుంటున్నాను. ఆ పువ్వు మూలన సరిగ్గానే ఉంది. దాన్ని కూడా విప్పాను.

మొత్తం తాగాను, అడుగు దాకా, నాలుక మొద్దుబారింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బాగుందా అని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు.

"ఆ రోజు గిన్నెలు తీయబోతే దొరికాయండీ అవి" అన్నాడు ఫ్రిజ్ వైపు చూపిస్తూ. "మీరనేది వింటూనే ఉన్నాను కాబట్టి ఏది దేనికో తెలిసింది. ఉప్పు పెంచాను. నూడుల్స్ ఇంకాస్త సేపు ఉడికిస్తున్నాను. ముక్కలు బొమ్మలో ఉన్నట్టు మూడూ వేస్తున్నాను. గుడ్డు ఆరున్నర నిమిషాలకే తీసి చల్లనీళ్ళలో వేస్తున్నాను."

"ఉప్పు ఎక్కువైంది" అనేశాను. అని, చచ్చిపోయాను. "నూడుల్స్ మరీ మెత్తబడ్డాయి" అని కూడా అన్నాను, మొదలెట్టాక ఆగని నోరు. తర్వాత, "గుడ్డు బాగుంది. నిజంగా బాగుంది. నేను ఇంత బాగా ఎప్పుడూ ఉడకబెట్టలేదు."

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. చెవుల వైపు చూశాడని నాకు అనుమానం, చెల్లి చెప్పే ఉంటుంది. వెళ్ళి ఫ్రిజ్ మీద మూడో బాణాన్ని గోటితో పీకి, ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు. ఒకటి తగ్గిందన్నమాట, మూడు మిగిలాయన్నమాట. ఎంత తృప్తి ఆ మొహంలో. ఎవరైనా పతకం ఇస్తే పడే తృప్తి. నేను బల్ల కిందకి దూరిపోవాలనిపించింది.

"ఒకటి మాత్రం అర్థం కాలేదండీ" అన్నాడు తిరిగొచ్చి. నా అరచేతి వైపు చూస్తున్నాడు. "ఆ చెయ్యి కింద ఉన్నది. బల్ల అంచుకి అంటించారు, బల్లకేం లేదు. ఇక్కడ కూర్చుని మొన ఎటుందో చూశాను. పొయ్యి వెనక గోడ వైపుంది. చూస్తే నిజమే, చెమ్మ పట్టి, పెచ్చులూడి ఉంది. రోజూ అక్కడే నిలబడతాను కదా, నాకు కనబడలేదు. మొన్న ఆదివారం రంగు వేశాను. సరిపోయిందంటే అది కూడా తీసేద్దామని ఉంచాను."

గోడకి రంగు వేశాడు. ఒక్క గోడకి. పాడైన మోకాలితో నిచ్చెనెక్కి. నిజంగానే అర్థం కాలేదో, అర్థమై నాకు తప్పుకునే దారి ఒకటి వదిలాడో, ఇప్పటికీ నాకు తెలియదు. దారి మాత్రం ఎదురుగా ఉంది, తెల్లగా, రంగు వాసన కొడుతూ. సరిపోయిందండీ, గోడ బాగుంది అంటే చాలు. అబద్ధం కూడా కాదు, గోడ బాగానే ఉంది. అతను తీసేస్తాడు, సోమవారం వస్తారా అంటాడు, నేను వస్తానంటాను, అంతా సుఖంగా తేలిపోతుంది. చెల్లి ఒక్కతే మిగులుతుంది, కనుబొమ్మ ఎగరడం చూసినది.

"గోడని కాదు బాబూ" అన్నాను. "మిమ్మల్ని చూపించింది."

అతను వెనక్కి తిరిగి గోడ వైపు చూశాడు, తను నిలబడే చోటు చూశాడు, మళ్ళీ బల్ల వైపు చూశాడు. మొహంలో ఏదో తగ్గింది. తగ్గడం నేను చూశాను, చూడాలి కాబట్టి చూశాను. "అసలు తప్పు మీరేనని మా చెల్లికి సైగ చేశాను. నవ్విద్దామని. తను నవ్వలేదు." చెయ్యి తీశాను. గంటసేపు చెమటకి నానిందేమో, ఈసారి గోరు పెట్టగానే లేచి వచ్చింది. పారెయ్యలేదు. మొన నా వైపు తిప్పి అదే చోట అంటించి బొటనవేలితో నొక్కాను. జిగురు చచ్చిపోయింది, ఒక మూల లేస్తోంది, మళ్ళీ నొక్కాను. క్షమించండి అనే మాట అప్పుడు గుర్తొచ్చింది, అదీ అన్నాను, అన్నింటికంటే చిన్నగా వినబడింది.

"గోడ ఎలాగూ మాసిపోయే ఉందిలెండి" అన్నాడు. ఖాళీ గ్లాసులో నీళ్ళు పోశాడు. బల్ల మీద రెండు చుక్కలు పడ్డాయి, తుడవలేదు. "తనకి ఫోన్ చెయ్యనా?"

"నేను చేస్తాను" అన్నాను. మోగింది, మోగింది, ఎత్తదనుకున్నాను. ఎత్తింది. అవతల అద్దాలు అరగదీసే మిషను రొద.

"మీ ఆయన కొట్లో ఉన్నానే" అన్నాను. "తిన్నాను."

రొద ఆగింది. మిషను ఆపింది. "ఎలా ఉంది?" అంది.

"బాగోలేదు. గుడ్డు బాగుంది."

ఎదురుగా అతను గిన్నె తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. "అయిదోది?" అంది చెల్లి. "చెప్పావా అతనికి?"

"చెప్పాను."

"నువ్వే చెప్పావా, అతను అడిగితే చెప్పావా?"

"అడిగాడు. గోడ అనుకున్నాడే. కాదని నేనే చెప్పాను."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు, చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవడానికి ఎలా చేసేదో అలాగే. పెట్టేస్తుందనుకున్నాను, పెట్టేసే హక్కు తనకుంది, ఆ బస్సు ఎక్కినట్టు ఎక్కేసి పోవచ్చు. నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను, తాగలేదు, ఉప్పు నోట్లో అలాగే ఉంది.

"రెండో సాక్షి ఇంకా దొరకలేదక్కా" అంది.